అంగుళం తొడిమ

మే 6

నాగేశ్వరమ్మ గారి మామిడి లోడు ఢిల్లీలో దించుకోలేదట. పొద్దున ఆవిడే ఫోను చేసి చెప్పారు.

"కాయంతా నల్లచారలు పడ్డాయంటమ్మా. మసి పూసినట్టుంది, మాకొద్దు అన్నారంట. మీకేమన్నా తెలుస్తుందేమోనని చేశాను" అన్నారు.

నాలుగువందల పన్నెండు ట్రేలు. చాట్రాయిలో ఆవిడ ఆరెకరాల బంగినపల్లి తోట, మొదటి కోత మొత్తం. ఏటా చుట్టుపక్కల అందరిలాగే ఆవిడ కూడా చెట్టు పూత మీద ఉండగానే తోటను వ్యాపారికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత కాయ ఏమైనా వ్యాపారి చూసుకోవాలి. ఈ ఏడు ఇవ్వలేదు. జనవరిలో నేను వాళ్ళ అరుగు మీద కూర్చుని, మా ద్రావణంలో ముంచిన కాయ తొమ్మిది రోజులు ఎక్కువ నిలుస్తుంది, మీరే నేరుగా ఢిల్లీకి పంపుకోవచ్చు అని చెప్పాను. తుమ్మబంక, లవంగ నూనె, నీళ్ళు, అంతే, విషం ఏమీ లేదని కూడా చెప్పాను. ఆవిడ నా మాట మీద తోటను తన దగ్గరే ఉంచుకున్నారు.

"మీరు కంగారు పడకండి, చూస్తాను" అన్నాను. ఆవిడ కంగారుగా లేరు. నేనూ లేను.

మే 7

సెలవులు కాబట్టి కాలేజీలో ఎవరూ లేరు. ల్యాబు తెరిచి నిరుటి ఫోటోలు చూశాను. ఇరవై నాలుగు కాయలు, పదహారో రోజు, ఒక్క మచ్చ లేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ ఇంకా ఉంది: "పరిశోధన నుంచి పొలానికి." దాని మీద నా మొహం ఎండకు వెలిసిపోయింది. పేరు మాత్రం బాగా కనిపిస్తోంది, డాక్టర్ సుసన్నా అని.

పద్ధతి అంతా పేపర్లో ఉంది. కాయలు ఏరి, కడిగి, కోసిన గంటలోపు ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి. రైతులకిచ్చే కరపత్రంలో కూడా అదే తెలుగులో వేయించాం. నాగేశ్వరమ్మ గారి తోటలో అదే చేశారు. కోతరోజు నేను అక్కడే ఉన్నాను.

బాధ వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. బీకర్లు కడిగి బోర్లించి వచ్చాను. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి.

మే 8

వంకాయ కూర మాడింది. అదే తిన్నాను.

మే 9

ప్రేమ్‌చంద్ గారు పిలిచారు. మా కాలేజీలో కనిపెట్టినవాటిని బయటి జనానికి చేర్చే కేంద్రానికి ఆయన అధిపతి. చెడ్డవాడు కాదు. మూడేళ్ళుగా ఆ కేంద్రాన్ని నిలబెట్టడానికి తిరగని ఆఫీసు లేదు.

"మన దగ్గర మూడువందల పేపర్లున్నాయి సుసన్నా గారూ. వాటిల్లో గేటు దాటింది మీదొక్కటే. ఇది కూడా పోయిందంటే మనల్ని ఇంకెవరూ నమ్మరు" అన్నారు.

"అవును సర్."

"కోత ఎవరు కోశారు?"

"మార్టిన్ ముఠా. పరదేశి కొడుకు."

"మన ల్యాబ్ అటెండరు పరదేశా?"

"అవును సర్. మార్చిలో రిటైరయ్యాడు కదా, ఆయనే."

"కుర్రాళ్ళు కాయల్ని నేలమీద పడేసి ఉంటారు. రుద్దుకుని నల్లబడి ఉంటుంది. అంతేనంటారా?"

కావచ్చు అన్నాను. కావచ్చు అనడం అబద్ధం కాదు. ఆయన నా ఎదుటే రిపోర్టు రాయించారు: ద్రావణంలో లోపం లేదు, కోత కూలీల అజాగ్రత్త వల్ల సరుకు దెబ్బతిన్నది. సంతకం సోమవారం పెడతానన్నాను. ఎందుకు సోమవారం అన్నానో తెలియదు.

మే 11, ఆదివారం

చర్చికి వెళ్ళాను. పరదేశి గారు గుమ్మం దగ్గర పాటల పుస్తకాలు పంచుతున్నారు. ల్యాబులో పదకొండేళ్ళు ఆయన్ని పరదేశీ అని పిలిచాను. చర్చిలో మాత్రం పరదేశి గారూ అంటాను. ఆయనా అంతే, అక్కడ మేడం, ఇక్కడ అమ్మా.

"వందనాలమ్మా. ఒంట్లో బాగుందా?" అన్నారు.

"బాగుందండి."

లోడు సంగతి ఆయన అడగలేదు. నేను ఎత్తలేదు. ప్రసంగం దేని గురించో గుర్తులేదు.

మే 12

సంతకం పెట్టాను.

మే 13

పద్ధతి అంతా పేపర్లో ఉంది.

మే 16

నాగేశ్వరమ్మ గారి ఫోను.

"మావాళ్ళ చెయ్యేనంటగా అమ్మా. మీ కాలేజీ వాళ్ళొచ్చి కాగితం చూపించారు. మీ సంతకం కూడా ఉందన్నారు, ఇంకేం, అనుమానం లేదు" అన్నారు. "రెండో కోత వ్యాపారికే ఇచ్చేశాను. మార్టిన్ని మాత్రం ఇంక తోటలోకి రావద్దన్నాను. పదిహేనేళ్ళుగా మా చెట్లు ఎక్కుతున్నాడు, ఏ చెట్టుకు ఏ కొమ్మ విరుగుద్దో వాడికే తెలుసు. ఇలా చేస్తాడనుకోలేదమ్మా."

"మిగతా తోటల వాళ్ళు?"

"వాళ్ళు మాత్రం ఎందుకు పిలుస్తారు? ఒకళ్ళ సరుకు పోయిందంటే అందరికీ భయమేగా."

ముఠాలో పద్నాలుగు మంది. వాళ్ళకు ఏడాదిలో కోతలుండేది రెండు నెలలు. ఇది ఇక్కడ రాస్తున్నాను గానీ ఆవిడతో ఏమీ అనలేదు. ఎండలు బాగున్నాయి అని ఏదో అన్నాను. ఆవిడ కూడా అవునమ్మా బాగున్నాయి అన్నారు.

మే 18, ఆదివారం

మార్టిన్ చర్చికి రాలేదు. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుని, ప్రార్థన అయ్యాక చాపలు మడతపెట్టేది అతనే. ఇవాళ పరదేశి గారు ఒక్కరే మడతపెట్టారు.

"మార్టిన్ రాలేదేంటండి?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"హనుమాన్ జంక్షన్లో లారీలకి లోడెత్తుతున్నాడమ్మా. ఆదివారం కూడా ఉంటది ఆ పని" అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, "మీకు ఒంట్లో బాగుందా?" అన్నారు.

బాగుందన్నాను.

మే 19

ఏమీ లేదు.

మే 21

రాయాలి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నిరుడు ఏప్రిల్. మొదటి విడత ఇరవై నాలుగు కాయలు మార్కెట్ నుంచి తెప్పించాను. ముంచిన రెండో రోజుకే నల్లచారలు పడ్డాయి. సరిగ్గా నాగేశ్వరమ్మ గారి కాయల్లాగే. కాయలు మంచివి కావు అని నోట్సులో రాసి, వాటిని పారేయించాను. పారేయడానికి తీసుకెళ్ళింది పరదేశి. ఆయన బుట్ట పట్టుకుని గుమ్మంలో ఆగాడు.

"కాయ మంచిదేనండి మేడం. కోతే మంచిది కాదు. చిక్కంతో లాగిన కాయకి తొడిమ ఊడొస్తది, ఆ బెజ్జంలోంచి సొన కారుద్ది. మామూలుగా అయితే ఆరిపోద్ది. మీరు దాని మీద బంక పొర వేస్తున్నారు కదండి, ఆ సొన లోపలే ఉండిపోయి తోలు కాలుస్తది."

చిక్కం అంటే చివర వల కట్టిన గెడ. ఇక్కడ కాయలన్నీ దానితోనే దింపుతారు. చిన్నప్పుడు నేనూ దింపాను. సొన తగిలి పెదవి కాలిన గుర్తు కూడా ఉంది. అయినా నాకు తట్టలేదు.

"మరి ఏం చేయాలి?" అన్నాను.

"తొడిమ అంగుళం ఉంచి కత్తిరించాలండి. అప్పుడు సొన బయటికి రాదు. నేను కోసుకొస్తానుండండి."

మర్నాటి నుంచి రోజూ తెల్లవారకముందే వెళ్ళి, ఎవరి తోటలోనో చెట్టెక్కి, కత్తెరతో ఒక్కో కాయా కత్తిరించి, గడ్డి పరిచిన బుట్టలో తెచ్చేవాడు. అలా తెచ్చినవాటిలో ఇరవై నాలుగే ఫోటోల్లో ఉన్నవి. పదహారో రోజు ఒక్క మచ్చ లేనివి. నా పేపరంతా ఆ అంగుళం తొడిమ మీద నిలబడింది. పేపర్లో తొడిమ అనే మాటే లేదు. "దెబ్బలేని కాయలను ఎంపిక చేశాం" అని ఉంది.

పేపరు అచ్చయిన రోజు ల్యాబులో లడ్డూలు పంచాను. "తొడిమ సంగతి రాశారా మేడం?" అని అడిగాడు. నేను నవ్వాను. "అవన్నీ రాయరు పరదేశీ. ఎవరికైనా తెలిసేదే కదా" అన్నాను. "అలాగాండి" అని లడ్డూ తీసుకున్నాడు.

ఎవరికైనా తెలిసేది కాదు. నాకే తెలియదు. రాస్తే ఎలా తెలిసిందని అడుగుతారు, అటెండరు చెప్పాడని రాయాలి, మొదటి విడత ఎందుకు పారేశారని అడుగుతారు. అందుకే రాయలేదు. రైతుకు తెలిసే ఉంటుంది, కూలీలకు తెలిసే ఉంటుంది అనుకున్నాను. వాళ్ళకు తెలుసు కూడా. కానీ తొడిమ ఉంచి కోస్తే ఒక రోజు కోత మూడు రోజులవుతుంది, అలా కోయమని ఎవరూ అడగరు. నా కాగితంలో లేనిది వాళ్ళెందుకు చేస్తారు. కోసిన గంటలోపు ముంచమని రాసింది నేను. సొన ఇంకా కారుతుండగానే ముంచారు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను.

సాయంత్రం ఇంటి వెనక చెట్టు కాయలు పన్నెండు తొడిమతో కత్తిరించాను, పన్నెండు లాగాను. అన్నీ ముంచాను. మూడు రోజులు చూడాలి.

మే 24

పన్నెండు నల్లగా. పన్నెండు శుభ్రంగా.

చేయకముందే తెలుసు నాకు. మూడు రోజులు గడపడానికి చేశాను.

మే 25, ఆదివారం

"వందనాలమ్మా. ఒంట్లో బాగుందా?"

"బాగుందండి."

మే 26

ప్రేమ్‌చంద్ గారికి కాయలు చూపించి అంతా చెప్పాను. అంతా అంటే తొడిమ వరకు. పారేసిన మొదటి విడత గురించి చెప్పలేదు. ఆయన రెండు కాయలూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"మంచిదే కదండీ. సమస్య దొరికింది, విరుగుడూ దొరికింది. కొత్త కరపత్రంలో ఒక లైను చేరుద్దాం, తొడిమ అంగుళం ఉంచి కోయాలి అని. వచ్చే ఏడు నలభై తోటల వాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకు పనికొస్తుంది."

"మరి ఆ రిపోర్టు సర్?"

"అది వెళ్ళిపోయింది కదా, ఇంక దాన్ని కదపకండి. కదిపితే ద్రావణం మీదే నమ్మకం పోతుంది. ఒక్క ముఠా కోసం నలభై తోటలు ఆపుకుంటామా? మీరే చెప్పండి."

ఆయన అడిగింది న్యాయంగానే ఉంది. బస్సులో దారంతా అదే అనుకుంటూ వచ్చాను. రైతులకు మేలు జరుగుతుంది. ఎవరికీ నష్టం లేదు. మార్టిన్‌కు వచ్చే ఏడు ఎవరో ఒకరు పని ఇస్తారు. ఎవరికీ నష్టం లేదు.

మే 29

కొత్త కరపత్రాలు తీసుకుని చాట్రాయి వెళ్ళాను. నాగేశ్వరమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"తొడిమ ఉంచి కొయ్యాలా? ఇది ముందు కాగితంలో లేదుగా అమ్మా."

"కొత్తగా చేర్చామండి."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "నాకు తెలియదనుకోండి, నేను చెట్టెక్కేదాన్ని కాదు. మేస్త్రీకి తెలియొద్దూ? వాళ్ళ నాన్న మీ దగ్గరేగా పనిచేసింది, ఆయన్ని అడిగినా చెప్పేవాడు. మార్టిన్‌కి పొగరు పెరిగింది, అంతే."

నేను మజ్జిగ తాగుతున్నాను.

"మందు మంచిదే, మా మేస్త్రీ చెయ్యే మంచిది కాదు అని ఊళ్ళో అందరికీ చెప్పానమ్మా. మా మూలాన మీకు చెడ్డపేరు రాకూడదు కదా" అన్నారు.

గ్లాసు కింద పెట్టాను. చెబుదామని నోరు తెరిచి, వస్తానండి అని లేచాను.

జూన్ 1, ఆదివారం

ప్రసంగానికి ముందు పాస్టరు గారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి చెప్పండి" అన్నారు. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు చెబుతారు. పదహారేళ్ళలో నేనెప్పుడూ లేవలేదు. ఇవాళ లేచాను.

అంతా చెప్పాను. పారేసిన కాయలు, లడ్డూలు, సంతకం. మార్టిన్ తప్పు చేయలేదని, తప్పు నాదని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. ఎంత ధైర్యం అమ్మా అన్నారు. నెల రోజుల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది. తేలికగా అనిపించింది, దాచను.

బయట చెప్పులు వేసుకుంటుంటే పరదేశి గారు వచ్చారు.

"బాగా చెప్పారమ్మా" అన్నారు.

"క్షమించండి పరదేశి గారూ."

"అయ్యో, అదేం మాటమ్మా." చాపల కట్ట ఆయన చంకలోనే ఉంది. "తోటలవాళ్ళు ఎవరూ ఇక్కడికి రారు కదమ్మా" అన్నారు.

అంతే అన్నారు. చాపలు లోపల పెట్టడానికి వెళ్ళారు.

నిజమే. నాగేశ్వరమ్మ గారు రారు. మార్టిన్ని పిలవడం మానేసిన ఏ ఒక్కరూ రారు. నేను చెప్పింది నన్ను మెచ్చుకునేవాళ్ళ మధ్య చెప్పాను. ఆకలి పోయింది.

జూన్ 2

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని ఒక పేజీ రాసి ప్రేమ్‌చంద్ గారి బల్ల మీద పెట్టాను. పేపరు అచ్చువేసిన పత్రికకు కూడా రాశాను, మొదటి విడత సంగతి, తొడిమ సంగతి, కోత పద్ధతి చెప్పింది పరదేశి గారని. ప్రేమ్‌చంద్ గారు చదివి, "మూడేళ్ళు కష్టపడ్డానండీ" అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

అక్కడి నుంచి చాట్రాయి. చుట్టుపక్కల తోటలవాళ్ళని పిలిపించమని నాగేశ్వరమ్మ గారిని ముందే అడిగాను. తొమ్మిది మంది వచ్చారు, కొత్త మందు గురించి చెబుతాననుకుని. అరుగు మీద నిలబడి చెప్పాను. చర్చిలో పట్టినదాంట్లో సగం మాటలే పట్టాయి.

నాగేశ్వరమ్మ గారే అడిగారు.

"మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"నిరుటి నుంచి."

"అంటే మా అరుగు మీద కూర్చుని నాకు చెప్పేటప్పుడే తెలుసు."

"తెలుసండి."

ఆవిడ లేచి చెప్పులు వేసుకున్నారు. ఎక్కడికండి అన్నాను. "మార్టిన్ వాళ్ళింటికి" అన్నారు. మార్టిన్ జంక్షన్లో ఉంటాడని చెప్పాను. "వాళ్ళమ్మ ఇన్నమ్మ ఉంటదిగా. ఆవిడ ఎదుటే వాణ్ణి అనరాని మాటలన్నాను" అంటూ నా వైపు చూడకుండా మెట్లు దిగారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. కరపత్రాలు ఎవరూ తీసుకోలేదు.

జూన్ 4

హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. మార్టిన్ లారీ పక్కన నీళ్ళు తాగుతున్నాడు. భుజాలు ట్రేలు మోసి కమిలిపోయాయి. నన్ను చూసి తువ్వాలు తీసి నిలబడ్డాడు.

"మార్టిన్, తప్పు నాది. నీ మీద పడేలా చేశాను" అన్నాను.

"తెలుసండి."

"మీ నాన్నగారు చర్చిలో విన్నది చెప్పారా?"

"అంతకు ముందే తెలుసండి. లోడు పోయిందన్న రోజే నాన్న చెప్పాడు. తొడిమ సంగతి మేడంకి చెప్పానురా, పని ఒత్తిడిలో మర్చిపోయి ఉంటారు అన్నాడు."

"మరి నువ్వు ఎవరికీ చెప్పలేదే?"

"నేను వెళ్ళి చెబుతానన్నానండి. వద్దన్నాడు. మనం చెబితే ఆవిడ అబద్ధమాడినట్టు అవుద్ది, ఆవిడే చెబితే మర్చిపోయినట్టు ఉంటది, ఆగరా, చెబుతారు అన్నాడు. ఆయన చర్చి నుంచి రాగానే అడిగేవాణ్ణండి, చెప్పారా అని." తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. "ఈ వారం కాదురా అనేవాడు."

"ఇప్పుడు తోటలవాళ్ళు పిలుస్తారు మార్టిన్. నాగేశ్వరమ్మ గారు..."

"వచ్చారండి, అమ్మతో మాట్లాడారు. కోతలు అయిపోయాయి కదండి." లారీ మీద నుంచి ఎవరో కేకేశారు. వస్తానండి అని వెళ్ళాడు.

పదకొండో తారీకు, పద్దెనిమిది, ఇరవై అయిదు. మూడు ఆదివారాలు ఆయన ఒంట్లో బాగుందా అని అడిగి, నేను ఏమైనా చెబుతానేమోనని నా మొహంలోకి చూసి, ఇంటికి వెళ్ళి కొడుక్కి ఈ వారం కాదురా అని చెప్పారు. నేను మర్చిపోయాననే అనుకున్నారు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు నేను.

నూజివీడు బస్సులో ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. పక్క సీటులో ఆవిడ ఏమైందమ్మా అని అడిగింది. ఒంట్లో బాగాలేదు అన్నాను.